చీఫ్ గెస్టు గారి కుడి ఇంజను

ఆ రోజుల్లో మా సూర్యాపేటలో భవిష్యత్తు ఎప్పుడూ మేడ మీదే ఉండేది. కింద ఎరువుల దుకాణమో చెప్పుల దుకాణమో ఉంటే, పక్కనున్న ఇరుకు మెట్లెక్కి పైకి పోతే కానిస్టేబుల్ కోచింగో, బీఎడ్ కోచింగో, నెల రోజుల్లో ఇంగ్లీషో దొరికేది. రెండువేల ఏడో సంవత్సరం వచ్చేసరికి ఆ మేడల మీదికి విమానాలు కూడా వచ్చాయి. పేపరు తెరిస్తే కొత్త విమాన కంపెనీలు, పైలట్లు దొరకడం లేదన్న వార్తలు. మా సంస్థ పెట్టిన కరస్పాండెంట్ సారుది కోదాడ. ఆయన అప్పటికే కుట్టుమిషన్ క్లాసులు, టైపు క్లాసులు నడిపి అనుభవం సంపాదించిన మనిషి. ఆ వార్తలు చదివి టైపు మిషన్లు అమ్మేసి, ఆ గదిలోనే పైలట్ గ్రౌండ్ క్లాసులు మొదలుపెట్టారు. బోర్డు మీద ఒక విమానం, దాని పక్కన విమానమంత ఎత్తున దండం పెడుతున్న ఒక అమ్మాయి. విమానానికి నాలుగు ఇంజన్లు వేయమంటే పెయింటరు స్థలం చాలక మూడు వేశాడు. ఎవరూ లెక్కపెట్టలేదు, మేము కూడా.

ఆ సంస్థలో నేను 'ఏవియేషన్ లెక్చరర్'ని. నా వయసు ఇరవై మూడు, చదువు బీఎస్సీ ఎంపీసీ, అదీ సెకండ్ క్లాసు. మాది మునగాల దగ్గర ఒక పల్లె; మా నాయినకు కొంచెం పొలం, ఒక గొర్ల మంద. విమానం గురించి నాకున్న అనుభవమల్లా గొర్లు కాసేటప్పుడు పైన పోతుంటే తలెత్తి చూడటమే. ఇంటర్వ్యూలో కరస్పాండెంట్ సారు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "ఫిజిక్సు వచ్చా?" వచ్చన్నాను. "అయితే రేపే రండి. విమానం కూడా ఫిజిక్సే కదా!" అన్నారు. ఆ రోజునుంచి నా పేరు 'ఫిజిక్సు' అయిపోయింది. తెల్ల చొక్కా కుట్టించి భుజాల మీద నాలుగు పట్టీలు వేయించారు. నాలుగు పట్టీలంటే కెప్టెన్ అని అప్పటికి నాకూ తెలియదు. ఆయన మాత్రం యజమాని కాబట్టి తన చొక్కాకు అయిదు వేయించుకున్నారు. (ప్రపంచంలో ఏ విమానంలోనూ అయిదు పట్టీల మనిషి ఉండడని తరవాత చదివాను గాని, చెప్పే ధైర్యం చేయలేదు.)

జిరాక్సు పుస్తకాలు ముందేసుకుని రాత్రి చదివింది పొద్దున చెప్పేవాణ్ణి. ఏ మాటకామాటే, చదివేకొద్దీ నాకు దాని మీద ప్రేమ పుట్టింది. అందులోనూ ఒక పాఠం నన్ను పట్టేసింది. రెండు రెక్కలకు రెండు ఇంజన్లున్న విమానంలో ఒకటి గాల్లో ఆగిపోయిందనుకోండి. రెండోది ఉంది కదా, ఏం భయమని మనలాంటివాళ్లం అనుకుంటాం. అసలు భయం ఆ రెండోదానితోనే. ఎడమది ఆగితే, కుడిది ఒక్కటే లాగి లాగి విమానాన్ని ఎడమకు తిప్పేస్తుంది. ఆ తిప్పుడును ఆపేది తోక మీద నిలబడి ఉండే చుక్కాని. పైలట్ కుడి కాలు తొక్కితే అది పక్కకు తిరిగి విమానాన్ని నిలబెడుతుంది. కానీ చుక్కానికి బలం ఎదురుగాలితోనే వస్తుంది. విమానం వేగంగా పోతుంటే గాలి గట్టిగా కొడుతుంది, చుక్కాని పనిచేస్తుంది. వేగం ఒక హద్దుకన్నా తగ్గితే కాలు విరిగేదాకా తొక్కినా లాభం లేదు. ఆ హద్దును స్పీడు మీటరు మీద ఎర్ర గీతతో గీస్తారు. ఆ గీత కిందికి వస్తే చేయాల్సింది ఒక్కటే: బాగా పనిచేస్తున్న ఇంజన్నే తగ్గించాలి. ముక్కు దించి వేగం తెచ్చుకుని, అప్పుడు మళ్లీ పవర్ ఇచ్చుకోవాలి. పనిచేసేదాన్ని తగ్గించమనడం మొదటిసారి చదివినప్పుడు నాకే అచ్చుతప్పేమో అనిపించింది. అర్థమయ్యాక మాత్రం దాన్ని ఎంత గొప్పగా చెప్పేవాణ్ణంటే, కింద ఎరువుల దుకాణం గుమాస్తాకు కూడా ఆ పాఠం నోటికొచ్చేసింది.

వచ్చిన చిక్కల్లా తల్లిదండ్రులతో. మూడు నెలలైనా పిల్లలు విమానం మొహం చూడలేదు. "మా పిల్లగాడు ఇంకా కుర్చీల్నే కూసుంటున్నడు, ఎప్పుడు ఎక్కిస్తరు?" అని ఒకరి తరవాత ఒకరు మెట్లెక్కి రావడం మొదలుపెట్టారు. కరస్పాండెంట్ సారు నన్ను పిలిచి తలుపు వేశారు. "ఏవయ్యా ఫిజిక్సూ, పేరెంట్సు అందరినీ పిలిచి ఒక ప్రాక్టికల్ చూపిద్దాం. వాళ్లు నమ్మితే క్లాసు ఉంటుంది, క్లాసుంటే నువ్వుంటావు. లేదంటే ఆ గదిలో బ్యూటీషియన్ కోర్సు పెడతాను, నీకు అది రాదు కదా!" అన్నారు. అటు ఇంట్లో మా నాయిన కూడా ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. కోదాడలో మా మేనమామకు పురుగుమందుల దుకాణముంది, గల్లాపెట్టె దగ్గర నమ్మకమైన మనిషి కావాలి. "నువ్ జేసే నౌకరీ ఏందో నాకైతే సమజైతలేదు బిడ్డా. ఆ ప్రోగ్రాముకు నేనూ వస్త. నిలబడే కొలువైతే ఉండు, లేకుంటె అట్నుంచి అటే మామ దుకాణానికి పోదాం" అన్నాడు. పైలట్లను తయారుచేసే మనిషి పురుగుమందు డబ్బాల మధ్య కూర్చోవడమా! ఆ ఊహకే నాకు అన్నం సహించలేదు. ఉద్యోగం పోతుందన్న బాధకన్నా, ఆ పాఠం మళ్లీ చెప్పలేనేమో అన్న దిగులే ఎక్కువగా ఉండేదంటే ఇప్పుడు మీరు నవ్వుతారు.

ఆ కసితోనే ఒక యంత్రం తయారుచేశాను. బోరు మోటార్లు పైకి లాగడానికి వాడే మూడు కాళ్ల ఇనుప స్టాండు తెచ్చి సంస్థ వెనకాల ఖాళీ జాగాలో నిలబెట్టించాను. దాని నడుమ నుంచి లావుపాటి తాడుతో ఒక పొడుగు చెక్కను అడ్డంగా వేలాడదీశాము. చెక్క నడిమధ్య టెంట్ హౌస్ నుంచి తెచ్చిన పెళ్లికొడుకు కుర్చీ, ఎర్ర ముఖమలుది. చెక్క చెరో కొసకు ఒక స్టాండు ఫ్యాను. అవి మన రెండు ఇంజన్లు. కుర్చీ వెనక ఒక కర్ర, దాని చివర పాత ఫ్లెక్సీ ముక్క చుక్కాని. (ఆ ముక్క మీద ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు, సగం మీసం మిగిలాయి.) కాళ్లతో తొక్కితే తాళ్ల ద్వారా అది అటూ ఇటూ తిరుగుతుంది. వేలాడే చెక్క ముందుకు పోదు కదా, మరి వేగం ఎక్కడిది? అందుకు ఎదురుగా నేల మీద ఒక పెద్ద ఫ్యాను పెట్టించాను. అది కొట్టే ఎదురుగాలే మన వేగం. రెండు రోజులు నేనే కూర్చుని చూసుకున్నాను. ఎడమ ఫ్యాను ఆపితే చెక్క తిరగబోయేది, కుడి కాలు తొక్కితే నిలబడేది. ఎదుటి ఫ్యానును తగ్గించుకుంటూ వస్తే ఒకచోట ఇక ఆగేది కాదు. పుస్తకంలోని ఎర్ర గీతను నా కాలితో తెలుసుకున్న ఆ క్షణంలో నాకు కన్నీళ్లొచ్చాయి. నిజంగానే.

ప్రోగ్రాము నాడు మా నాయిన ఉతికిన ధోవతి, భుజాన గొంగడితో వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. చీఫ్ గెస్టు మిర్యాలగూడ రైస్ మిల్లు సారు. మనిషి నిండుగా, తెల్లబట్టల్లో బస్తాలా ఉంటారు. ఆ చుట్టుపక్కల ఏ ఓపెనింగైనా ఆయన చేతి కత్తెరకే. రిబ్బను కత్తిరించారు, శాలువా కప్పారు, మోకాళ్ల దాకా వచ్చే బంతిపూల దండ వేశారు. తరవాత వాహన పూజ. చక్రాలు లేని బండికి నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో తెలియక అయ్యగారు చాలాసేపు చుట్టూ తిరిగి, చివరికి స్టాండు మూడు కాళ్ల కింద మూడు పెట్టి ఊరుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. పిల్లల్లో ఒకణ్ణి కూర్చోబెట్టి చూపించాలన్నది నా ప్లాను. కానీ కరస్పాండెంట్ సారు మైకు అందుకుని, "ఇప్పుడు మన ముఖ్య అతిథిగారు స్వయంగా విమానం నడిపి చూపిస్తారు!" అనేశారు. రైస్ మిల్లు సారు పెద్ద నవ్వు నవ్వి, చెప్పులు విడిచి, యంత్రానికి దండం పెట్టుకుని, పెళ్లికొడుకు కుర్చీలో కూర్చున్నారు. తాడు ఒకసారి మూలిగింది.

కరెంటు కోత టైము కాబట్టి జనరేటరు ఆన్ చేశారు. స్విచ్చులు, రెగ్యులేటర్లు బిగించిన బోర్డు, సామాను కిరాయికిచ్చిన టెంట్ హౌస్ అన్న దగ్గరుంది, మైకు నా దగ్గరుంది. రెండు ఫ్యాన్లు తిరిగాయి, ఎదురుగాలి కొట్టింది. ఎడమది ఆపించాను. చెక్క కదలగానే "సార్, కుడి కాలు!" అన్నాను. సారు తొక్కారు. చుక్కాని తిరిగింది, చెక్క ఆగింది. అంత పెద్దమనిషి గాల్లో, ఒక్క ఇంజను మీద, నిటారుగా! చప్పట్లు మోగిపోయాయి. చివరి వరసలో మా నాయిన కూడా కొట్టాడు. నా జీవితంలో అంతకన్నా మంచి నిమిషం అప్పటిదాకా లేదు. ఆ నిమిషం ఆగిపోయి ఉంటే ఈ కథ రాసే పని కూడా ఉండేది కాదు.

ముందు వరసలో ఊరి పెద్దలు ఒక నలుగురు కూర్చున్నారు. ఎండాకాలం, పైగా ఇస్త్రీ బట్టలు. వాళ్లలో ఒకాయన చెమట తుడుచుకుంటూ ఎదుటి ఫ్యాను వంక చూసి, టెంట్ హౌస్ అన్న వైపు ఒక వేలు ఆడించాడు. మా జిల్లాలో ఆ వేలికి తిరగని ఫ్యాను ఉండదు. టెంట్ హౌస్ అన్న పరుగున వచ్చి ఎదుటి ఫ్యానును ఎత్తి, పెద్దలకు గాలి తగిలేలా తిప్పి, నమస్కారం పెట్టి పోయాడు. అంటే అర్థమైందా? విమానం వేగాన్ని తీసుకెళ్లి ముందు వరస వాళ్ల బుగ్గలకు ఇచ్చేశాడు. ఎర్ర గీత సంగతి అటుంచండి, మా వేగం ఒక్కసారిగా సున్నా అయిపోయింది.

చెక్క మెల్లగా ఎడమకు తిరగడం మొదలుపెట్టింది. "తొక్కుతనే ఉన్న, ఇదేందిర బై, నా మాట ఇంటలేదు!" అన్నారు రైస్ మిల్లు సారు, మిల్లులో మనుషులు మాట వినకపోతే ఆశ్చర్యపడే గొంతుతో. నేను మైకులోనే "అన్నా, కుడి ఫ్యాను బంద్ చెయ్యి!" అన్నాను. కరస్పాండెంట్ సారు నా చేతిలోంచి మైకు లాక్కున్నారు. "బుద్ధుందా నీకు? చీఫ్ గెస్టు గారి ఫ్యాను ఆపుతావా, ఇంతమంది ముందు? ఉన్నదే ఒకటి!" అని నాతో పళ్ల బిగువున అని, టెంట్ హౌస్ అన్నకు "ఫుల్లు పెట్టవయ్యా, ఫుల్లు!" అని సైగ చేశారు. అతను ఫుల్లు పెట్టాడు. ఒక ఇంజను ఆగిపోయి, వేగం పోయినప్పుడు, రెండోదానికి పూర్తి పవర్ ఇస్తే ఏం జరుగుతుందో పుస్తకంలో ఒకే వాక్యంలో ఉంటుంది. మేం బొమ్మతో సహా చూశాం.

రైస్ మిల్లు సారు ఒక చుట్టు తిరిగారు. రెండో చుట్టులో ఆయన దండ కొస కుడి ఫ్యాను మీద పడింది. జాలీ సందుల్లోంచి రెక్కలు దాన్ని అందుకుని, బంతిపూలను తురిమి తల్లిదండ్రుల మీద చల్లడం మొదలుపెట్టాయి. ఏర్పాటు అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. చుట్టు మీద చుట్టు పడి తాడు పురి ఎక్కేకొద్దీ పొట్టిదై, చెక్క కొంచెం కొంచెంగా పైకి లేచింది. కరస్పాండెంట్ సారు ఏ పరిస్థితినీ వృథా పోనిచ్చే మనిషి కాదు. "చూడండి, చూడండి! టేకాఫ్!" అని మైకులో అరిచారు. "ఆపుర్రి! నాకు కండ్లు తిరుగుతున్నయ్!" అని సారు ఒకసారి మా వైపు, ఒకసారి గోడ వైపు, ఒకసారి మా వైపు అరుస్తున్నారు. టెంట్ హౌస్ అన్నను బతిమాలాను. "మీ సారు చెప్పాలె గద అన్నా, నాకు కిరాయి ఇచ్చేది ఆయన" అన్నాడు. మా ఊళ్లో ఏ సభనైనా మధ్యలో మింగేసే కరెంటు కోత ఆ ఒక్కరోజు మాకు అక్కరకు రాకుండా పోయింది. జనరేటరు మాత్రం మంచి కంపెనీది, గుర్రంలా పనిచేస్తోంది.

నాకు ఇంకా ఒక్క ఆశ మిగిలింది, నా విద్యార్థులు. మూడు నెలలు ఇదే కదా చెప్పింది! వాళ్ల వైపు తిరిగి, "ఇట్లాంటప్పుడు ఏం చేయాలె? చెప్పండి!" అని గట్టిగా అరిచాను. చిలుకూరు నుంచి వచ్చే ఫస్ట్ బెంచీ అమ్మాయి టక్కున లేచి, చేతులు కట్టుకుని, నా నోట్సు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది: "వేగము ఎర్ర గీతకన్నా తగ్గినప్పుడు, పనిచేయుచున్న ఇంజను యొక్క పవరును వెంటనే తగ్గించవలెను. ముక్కును కిందికి దించి వేగమును పెంచుకొనవలెను!" జనం మళ్లీ చప్పట్లు. ఆ అమ్మాయి నాన్న లేచి నిలబడి చుట్టూ చూసుకున్నాడు, ఎవరి బిడ్డో అందరికీ తెలియాలని. ఆ అమ్మాయి కూర్చుంది. స్విచ్చుల బోర్డు దగ్గరికి మాత్రం ఎవరూ పోలేదు. మా దగ్గర జవాబు చెప్పడం అయిపోతే పని అయిపోయినట్టే. ఆ తప్పు ఆ పిల్లది కాదు, అలా నేర్పింది మేమే.

అప్పుడు చూశాను, ఫ్యాన్లకు కరెంటు తీసుకుపోయే వైర్లు కూడా తాడుతో పాటు పురి ఎక్కి, తెగబోయే దారంలా బిగుసుకున్నాయి. పైన ఇనుప స్టాండు, దానికి వేలాడుతూ తెల్లబట్టల మనిషి, చుట్టూ పిల్లలు. కరస్పాండెంట్ సారు మొహం చూశాను, ముందు వరస పెద్దల మొహాలు చూశాను, చివర్లో గొంగడితో మా నాయిన లేచి నిలబడటం చూశాను. ఆ స్విచ్చు మీద చెయ్యి వేస్తే నా నౌకరీ ఖతం అని నాకు ఏ అనుమానమూ లేదు. టెంట్ హౌస్ అన్నను పక్కకు నెట్టి, బోర్డు మీదున్న చీఫ్ గెస్టు గారి ఫ్యాను స్విచ్చు బంద్ చేశాను. ఫ్యాను ఆగింది. చెక్క ఆగింది. తరవాత పురి విప్పుకుంటూ రైస్ మిల్లు సారు వచ్చినన్ని చుట్లూ వెనక్కి తిరిగి, కిందికి దిగి, నెమ్మదించి, చివరికి గోడకు ఎదురుగా ఆగారు.

నలుగురు కలిసి దింపారు. ఆయన నాలుగు అడుగులు పక్కకు వేసి, ఒక స్తంభాన్ని పట్టుకుని, నోట్లోని బంతిరేకు ఊసి, మొట్టమొదట అన్న మాట ఇది: "నా ఫ్యాన్ ఎవడు బంద్ చేసిండు?" తిప్పింది ఎవరని అడగలేదు, గాలి దిశ మార్చింది ఎవరని అడగలేదు, ఫుల్లు పెట్టమన్నది ఎవరని అసలే అడగలేదు. కరస్పాండెంట్ సారు వేలు అప్పటికే నా వైపు ఉంది. "కొత్త కుర్రాడండీ, తెలియక చేశాడు. ఈ రోజే పంపించేస్తున్నాను" అన్నారు. "సార్, ఆపకపోతే వైర్లు..." అన్నాను. "ఇక నువ్వు మాట్లాడకు ఫిజిక్సూ! పేరెంట్సు ఎంత బాగా చప్పట్లు కొడుతున్నారు! అంతా చెడగొట్టావు" అన్నారు. ఆ సాయంత్రమే పదకొండు మంది కొత్తగా చేరారట, పూలవాన చూసి. నేను మళ్లీ మెట్లెక్కలేదు. తరవాత ఏడాది విమాన కంపెనీలు కష్టాల్లో పడ్డాక ఆ గదిలో బ్యూటీషియన్ కోర్సే వచ్చింది.

నాయినా నేనూ కోదాడ బస్సు ఎక్కాము. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, ఏడుపు కనబడకూడదని. ఏం చెప్పను ఆయనకు? సరైన పని చేసినందుకు తీసేశారంటే ఎవరైనా నమ్ముతారా? బస్సు ధాబాలు దాటుతోంది. మా ఊరికి దిగే మునగాల స్టేజీ వచ్చింది, నాయిన లేవలేదు. బస్సు కదిలాక మెల్లగా అన్నాడు.

"ఆ పెద్దమనిషి కింద పడుతుండెనా?"

"పడుతుండెనో లేదో గని నాయినా, వైరు తెగితె పానం మీదికొస్తుండె."

"గాడ అంతమంది పెద్దోళ్లుంటిరి. ఒక్కడు లేవలే. మంద ఉరుకుతున్నప్పుడు గూడ గట్లనే. ముంగట్ది ఆగితె గని ఎన్కటియి ఆగయ్. ఆపేటోనికి తిట్లే పడ్తయ్."

నాయిన గొంగడి సర్దుకుని, మామ దుకాణం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున ఎన్నింటికి తెరుస్తారు, రైతులతో ఎట్లా మాట్లాడాలి, ఏ డబ్బా ఎక్కడుంటది. చెప్పి చెప్పి, ఇక చెప్పడానికి ఏమీ లేక, నా తొడ మీద చెయ్యేసి అన్నాడు:

"ఏం పరేషాన్ గాకు బిడ్డా. గాడ గూడ నెత్తిమీద ఫ్యాన్ ఉంటది. నీకు ఎప్పుడు బంద్ జెయ్యబుద్ధయితె అప్పుడు బంద్ జేస్కో. ఎవ్వడేమనడు."

నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను, పక్క సీట్లో ఆమె నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేంతగా. విమానం ఎక్కకుండానే పైలట్లకు పాఠాలు చెప్పిన ఆ ఇరవై మూడేళ్ల కుర్రాడు, తన జీవితం ముగిసిపోయిందని ఆ రోజు గట్టిగానే నమ్మాడు. ఇప్పుడు ఆ దుకాణంలో గల్లాపెట్టె వెనక కూర్చుని తలుచుకుంటే వాడి మీద కొంచెం జాలి, కొంచెం గర్వం కలుగుతాయి. అంత పెద్దమనిషిని అంత ఎత్తునుంచి క్షేమంగా నేలకు దించి, ఒక్క సలాము కూడా అందుకోకుండా బస్సెక్కిన కెప్టెన్ వాడు.